డీజిల్ బండితో 24 గంటల రేసు – శీనుకి ఉత్తరం

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మా పిల్లలూ బాగున్నారా? మొన్న ఫోన్లో "డీజిల్ ఇంజిన్‌తో రేసు గెలవడమేంట్రా, అది లారీలకీ మా బస్సులకీ కదా" అని ఒక్క ముక్క అనేసి, డ్యూటీ టైమయిందని పెట్టేశావు. అప్పట్నుంచీ నాకు అదే ఆలోచన. డిపోలో రోజూ డీజిల్ ఇంజిన్లు విప్పి బిగించే నువ్వు ఈ బండి గురించి తెలుసుకోకపోతే ఎలారా? అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, నువ్వూ తీరిగ్గానే చదువు.

బండి పేరు ఆడి ఆర్10 టీడీఐ. ఫ్రాన్స్‌లో ల మాన్ అనే ఊళ్ళో ఏటా 24 గంటల రేసు జరుగుతుంది. ఒక్కో ల్యాపు పదమూడున్నర కిలోమీటర్ల పైనే, బండికి ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. ఆడి వాళ్ళు అప్పటికే ఆర్8 అనే పెట్రోల్ బండితో అక్కడ ఐదుసార్లు గెలిచి ఉన్నారు. అంత బాగా గెలుస్తున్నవాళ్ళు దాన్ని పక్కన పెట్టి, 2005 డిసెంబర్లో ఈ డీజిల్ బండిని బయటికి తెచ్చారు. 5.5 లీటర్ల వి12, అంటే పన్నెండు సిలిండర్ల ఇంజిన్, లోపలికి గాలి నెట్టే టర్బోలు రెండు, 650 హార్స్‌పవర్ పైమాటే, టార్క్, అదే చక్రాన్ని తిప్పే బలం, అయితే 1100 న్యూటన్ మీటర్లు దాటింది! డీజిల్ కంప్రెషన్ తట్టుకోవాలంటే ఇనప బ్లాకే ఉండాలనుకుంటాం కదా, వీళ్ళు బరువు తగ్గించడానికి అల్యూమినియం బ్లాకు పోశారు. అయినా అది పెట్రోల్ ఇంజిన్ కన్నా బరువే, దాంతో బండి మొత్తాన్నీ ఆ ఇంజిన్‌కి తగ్గట్టు గీయాల్సి వచ్చింది. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్షన్ ప్రెషర్ 1600 బార్ పైన. నువ్వు నమ్మవుగానీ పొగ కూడా లేదురా, ఎగ్జాస్ట్‌లో ఫిల్టర్లు పెట్టారు. ఇంజిన్ బలమంతా 3000 నుంచి 5000 ఆర్‌పీఎం మధ్యలోనే ఉంటుంది. చప్పుడు ఎంత తక్కువంటే లోపల కూర్చున్న డ్రైవర్‌కి ఇంజిన్ కన్నా గాలి హోరే ఎక్కువ వినిపిస్తుంది. చెవితో గేర్ మార్చడం అలవాటైనవాళ్ళు లైట్లు చూసి మార్చడం నేర్చుకున్నారు.

2006 మార్చిలో అమెరికాలో సెబ్రింగ్ 12 గంటల రేసు. అదే దీనికి మొదటి పోటీ, మొదటి పోటీలోనే గెలిచింది. ఆ జూన్‌లో ల మాన్‌లో బియెలా, పిర్రో, వెర్నర్ ముగ్గురూ కలిసి 380 ల్యాపులు తిప్పి గెలిచారు. అంతకు ముందు డీజిల్ బండి ఏదీ అక్కడ గెలవలేదు. రెండో స్థానంలో వచ్చిన పెస్కరోలో టీము పెట్రోల్ బండి నాలుగు ల్యాపులు వెనక. ర్యాలీ ఛాంపియన్ లోబ్ ఉన్నది ఆ బండిలోనే.

నిజం చెప్పాలంటే, నిబంధనలు అప్పట్లో డీజిల్‌కి బాగా అనుకూలంగానే ఉన్నాయి. ఇంజిన్ సైజులోనూ టర్బో బూస్ట్‌లోనూ వెసులుబాటు ఇచ్చారు, పెట్రోల్ టీములు గోల పెట్టాయి. వాళ్ళ గోలలో న్యాయం ఉంది. లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోల్ కన్నా ఎక్కువ శక్తి ఉంటుంది కాబట్టి 2007 నుంచి డీజిల్ బండ్ల ట్యాంకును 90 లీటర్ల నుంచి 81కి కుదించారు. అయినా ఆ ఏడూ ఆర్10దే గెలుపు.

నేను మాత్రం దాని గొప్పతనం చూడాలంటే 2008 చూడమంటాను. అప్పటికి ప్యూజో వాళ్ళు కూడా 908 అనే వి12 డీజిల్ బండితో దిగారు. రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫైయింగ్‌లో వాళ్ళ బండి 3 నిమిషాల 18 సెకన్లలో ల్యాపు కొడితే, ఆర్10 ఐదు సెకన్లు వెనక. ఐదు సెకన్లంటే ల్యాపుకి ఐదురా! అలా 24 గంటలు నడిస్తే ఇక ఆశేముంటుంది? బయల్దేరే వరుసలో మొదటి మూడు స్థానాలూ ప్యూజోవే. కానీ ఆర్10 నడిపిన మెక్‌నిష్, కపెల్లో, క్రిస్టెన్‌సెన్ ఒక్క పొరపాటు లేకుండా వెంటపడుతూనే ఉన్నారు. రాత్రి వాన మొదలయ్యేసరికి తేడా తిరగబడింది. తడి రోడ్డు మీద ఆర్10 పట్టు మెరుగు, పిట్‌లో, అంటే మధ్యలో బండి ఆపి డీజిల్ పోసి టైర్లు మార్చే చోట, తీసుకున్న నిర్ణయాలు మెరుగు, ప్యూజోలకేమో ఇబ్బందులు. చివరికి 381 ల్యాపులు పూర్తి చేసి, అదే ల్యాపులో ఉన్న ప్యూజో కన్నా నాలుగున్నర నిమిషాలు ముందు గెలిచారు. క్రిస్టెన్‌సెన్‌కి అక్కడ అది ఎనిమిదో గెలుపు. వేగంలో వెనకబడ్డ బండి, చేతిలో ఉన్న ఒక్కో అవకాశాన్నీ వాడుకుని గెలవడం నాకు ఎంత ఇష్టమో! అంతకు ముందు రెండేళ్ళ గెలుపులూ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు.

మనవాడి సంగతి కూడా ఉంది. 2009లో పాత ఆర్10లు ఒక ప్రైవేటు టీము చేతికి వెళ్ళాయి, అందులో ఒకదానికి డ్రైవర్ మన కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్. రేసు మొదలవబోతుండగా పిట్ గోడ దగ్గర కింద పడి భుజం జారింది. పాపం, ఎక్కనే లేకపోయాడు. ముగ్గురు నడపాల్సిన బండిని మిగిలిన ఇద్దరే 24 గంటలూ నడిపి ఏడో స్థానంలో తెచ్చారు. ఆ ఇద్దరిలో లాటరర్ ఒకడు, రెండేళ్ళకి ఆడి కొత్త డీజిల్ బండితో ల మాన్ గెలిచింది అతనే, అదీ 14 సెకన్ల లోపు తేడాతో.

డీజిల్ చివరిసారి అక్కడ గెలిచింది 2014లో. 2016 తర్వాత ఆడి తప్పుకుంది. డీజిల్‌కి పేరు పోయిన రోజులవి, కారణం నీకు తెలిసిందే, ఆడి సొంతదారు ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల పొగ పరీక్షల్లో మోసం చేసి దొరికిపోయింది.

ఇంకో మాట అడగాలి నిన్ను. 2006లో ఆడి రెండో బండి ఇంజెక్టర్ల గొడవతో పిట్‌లో ఆగిపోయి, ఎంత పరిగెత్తినా మూడో స్థానం దగ్గరే ఆగింది. మీ డిపోలో వేడి మీదున్న ఇంజిన్‌కి ఇంజెక్టర్లు మార్చాలంటే ఎంతసేపు పడుతుంది? ముందు ఏది విప్పుతారు? కాస్త వివరంగా రాయరా, ఫోన్లో కాదు.

నీ
మురళి