మాఘమాసంలో పిల్లల్ని వెంటబెట్టుకుని

తల్లిదండ్రులకు, వారి స్థానంలో ఉండి పిల్లల్ని పెంచుతున్న తాతయ్యలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు ముగిశాయి, బడి మళ్లీ గాడిలో పడింది. పంచాంగం ప్రకారం మనం ఇంకా శిశిరంలోనే ఉన్నాం. వసంతం ఉగాదితో గాని రాదు. కాని ప్రహరీ పక్కనున్న మామిడి అప్పుడే పూత రాల్చి పిందె కడుతోంది, ప్రార్థన వేళకు కోయిల గొంతు సవరించుకుంటోంది, మధ్యాహ్నపు ఎండ ఇంకా చురుక్కుమనడం లేదు. మార్చి నెల నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఆ తరువాత మన గోదావరి డెల్టాలో ఉక్కపోత, దాని వెనుక వడగాడ్పులు, ఆ వెనుక వానలు, వరదలు. కనుక పిల్లలతో ఆరుబయట తిరగడానికి ఏడాది మొత్తంలో మనకు హాయిగా దొరికేది ఈ అయిదారు వారాలే. ఫీజులు, పరీక్షల సమాచారం వేరుగా పంపుతున్నాము. ఈ నెల లేఖను ఈ అయిదారు వారాలకే కేటాయిస్తున్నాను.

గత నెల సమావేశంలో చాలామంది నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "ఆదివారం పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లమంటారు?" అడిగినవారి మనసులో అరకు, విశాఖపట్నం ఉన్నాయని, వాటి వెనుక ఖర్చు లెక్కలు కూడా ఉన్నాయని నాకు అర్థమైంది. వెళ్లగలిగినవారు తప్పకుండా వెళ్లిరండి. అయితే నా జవాబు మాత్రం వేరు. పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక చోటు వెతకడం కన్నా, మీరు ఎలాగూ వెళ్లే చోటికి వారిని వెంటబెట్టుకుని వెళ్లండి. వెళ్లిన తరువాత వారిని తొందరపెట్టకండి. ఈ రెండో మాట మొదటిదానికన్నా కష్టమని ముందే ఒప్పుకుంటున్నాను.

మా అయిదో తరగతిలో ఒక పిల్లవాడు ఉన్నాడు. దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పూర్తయినప్పటి నుంచి రోజూ పొద్దున్నే తాతగారి వెంట చేనుకు వెళ్లి వస్తున్నాడు. గోళ్లలో మట్టితో బడికి వస్తున్నాడని తరగతి ఉపాధ్యాయిని నా దగ్గరకు పంపారు. మందలించడానికే పిలిచాను గాని, వాడు చెప్పింది వింటూ ఆ సంగతే మరిచిపోయాను. కాలువ నీరు నేరుగా చేలోకి రాదట; ముందు బోదెలోకి, అంటే చేల మధ్య పారే చిన్న కాలువలోకి రావాలి, అక్కడ మన వంతు వచ్చేదాకా ఆగాలి, వంతు అర్ధరాత్రి వచ్చినా లేచి వెళ్లాలి. గట్టును పారతో జానెడు మేర మాత్రమే తెంపాలి, అంతకన్నా వెడల్పుగా తెంపితే గండి పడుతుంది. మళ్లీ కట్టేటప్పుడు ఉత్త మట్టి వేస్తే కొట్టుకుపోతుంది కనుక ముందు గడ్డి దుబ్బు పెట్టి, దానిమీద మట్టి వేసి కాలితో తొక్కాలి. ఇదంతా నా బల్లమీద డస్టరును గట్టుగా, సుద్దముక్కలను గడ్డిగా పెట్టి చూపించాడు. తాతగారు వాడికి పాఠం చెప్పలేదు. ఆయన తన పని చేసుకున్నారు, వీడు పక్కన నిలబడ్డాడు, అడిగినప్పుడు ఆయన జవాబు చెప్పారు, అంతే. ఆ పిల్లవాడి చేత గోళ్లు తీయించి పంపాను. చేనుకు వెళ్లడం మానమని మాత్రం చెప్పలేదు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన పొరపాటు ఒకటి నేనే చేశాను. కొన్నేళ్ల క్రితం, ఇంతకు ముందు పనిచేసిన పాఠశాలలో, ఏడో తరగతి పిల్లల్ని ధవళేశ్వరం తీసుకెళ్లాను. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆర్థర్ కాటన్ ఆనకట్ట గురించి, దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజి గురించి ఇరవై ప్రశ్నలు తయారుచేసి, ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క కాగితం ఇచ్చాను. పిల్లలు బుద్ధిమంతులు కావడం వల్ల కాటన్ మ్యూజియంలో బోర్డు నుంచి బోర్డుకు పరుగెత్తి సంవత్సరాలన్నీ ఎక్కించుకున్నారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లున్నాయని తప్పులేకుండా రాశారు. తిరుగు ప్రయాణంలో బస్సులో, "గేట్లు మూసి ఉన్నాయా, తెరిచి ఉన్నాయా?" అని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. ఈ రోజుల్లో గేట్లు చాలావరకు మూసే ఉంటాయి, ఎగువన నీరు నిండుగా నిలిచి ఉంటుంది, దిగువన ఇసుక మేటలు బయటపడి ఉంటాయి, ఆపిన నీరు పక్కన తూముల గుండా కాలువల్లోకి వెళ్లి మన దాళ్వా చేలకు చేరుతుంది. అదంతా కళ్ల ఎదుటే ఉంది. నా కాగితం అడ్డం రావడం వల్ల వాళ్లు చూడలేదు. మీరు అటు వెళితే ప్రశ్నలు లేకుండా వెళ్లండి. బ్యారేజి మీది రోడ్డు రద్దీగా ఉంటుంది కనుక బండిని సురక్షితమైన చోట ఆపి, పిల్లలకు విసుగు పుట్టేదాకా నీటిని చూడనివ్వండి. మనకన్నా చాలా ఆలస్యంగా వారికి విసుగు పుడుతుంది.

అంత దూరం వెళ్లలేనివారికి పి.గన్నవరం అక్విడక్టు ఉంది. డెల్టాలో పిల్లలకు ఇంతకన్నా ఆశ్చర్యం కలిగించేది మరొకటి లేదని నా అభిప్రాయం. కింద గోదావరి వైనతేయ పాయ పారుతుంటే, దాని మీదుగా కాలువ మరో నీటి దారిలా దాటి నగరం లంక వైపు వెళుతుంది. రోజూ ఆ దారిన బస్సులో వెళ్లే పెద్దలు దానిని వంతెనగానే చూస్తారు. నది మీద కాలువ నడుస్తోందని పిల్లవాడు తానుగా గమనించిన క్షణంలో వాడి ముఖం చూడాలి. ముందుగానే మీరు చెప్పేస్తే ఆ క్షణం పోతుంది. కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వేళకాని వేళ లంకలు దాటి వచ్చిన బాటసారులకు లేదనకుండా అన్నం పెట్టిన ఆ తల్లి కథను మాత్రం మీరే చెప్పండి, అది మన ఊళ్లలో పెద్దల నోటి నుంచే వినవలసిన కథ.

బయటికి వెళ్లడమే ముఖ్యమని నేను అనడం లేదు. రథసప్తమి నాటి ఉదయం మీ ఇంటి వాకిలి కూడా ఒక విహారస్థలమే. సంక్రాంతి గొబ్బెమ్మలను గోడకు కొట్టి ఎండబెట్టిన పిడకలు రాజేసి, పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే ఆచారం ఇప్పటికీ మన ఇళ్లలో ఉంది. చిక్కుడుకాయల రథం పనిని పూర్తిగా పిల్లలకు అప్పగించండి. రెండు పొడుగాటి కాయల మధ్య కొబ్బరి ఈనెలు అడ్డంగా గుచ్చుతారు, చక్రాలకు మరికొన్ని కాయలు పెడతారు. లేత కాయ ఈనె దిగగానే చీలిపోతుంది, ముదురు కాయ నిలుస్తుంది. నాలుగైదు కాయలు పాడయ్యాక గాని ఈ తేడా వేలికి తెలియదు. రథం వంకరగా నిలబడినా సూర్యభగవానుడు ఏమీ అనుకోడు. దాన్ని సరిచేయడానికి మనం చెయ్యి పెట్టకపోతే చాలు. వంటింటి సంగతికి వస్తే, సంతలో లేత పనసకాయలు కనిపించే రోజులు కూడా ఇవే. కత్తి దగ్గరికి చిన్నవారిని రానివ్వకండి, కాని పనసపొట్టు కూరలో ఆవ పెట్టేటప్పుడు రోటి దగ్గర కూర్చోబెట్టుకోండి. ఆ ఘాటుకు కళ్లు తుడుచుకుంటూ నవ్వడం వారికి చాలాకాలం గుర్తుంటుంది.

అంతర్వేది గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే మన కుటుంబాల్లో సగానికి పైగా ఈ నెలలో అక్కడికి వెళతాయి. మాఘ శుద్ధ దశమి రాత్రి అక్కడి లక్ష్మీనరసింహస్వామి వారి కల్యాణం, మరునాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం జరుగుతాయి. మొక్కు ఉన్నవారు ఆ రోజుల్లో వెళ్లక తప్పదు. మిగిలినవారు చిన్నపిల్లలతో ఆ జనసమ్మర్దంలోకి వెళ్లకుండా వారం ఆగి వెళితే మంచిదని నా సలహా. నరసాపురం వైపు నుంచి వచ్చే బంధువులు ఉంటే, పిల్లల్ని తీసుకుని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి ఒకసారి వసిష్ఠ పాయ దాటి తిరిగి రండి. బైకులు, కార్లు, కూరగాయల గంపలు, బడిపిల్లలు ఒకే బల్లకట్టు మీద నది దాటడం మనకు మామూలే గాని, పిల్లలకు అదే పెద్ద ఓడ.

అంతర్వేది ఒడ్డున ఈ నెలల్లో పిల్లలు చూసే మరొక దృశ్యం గురించి మీరు ముందుగా సిద్ధపడాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. ఒక్కొక్క తల్లి ఇసుకలో గొయ్యి తీసి సుమారు వంద గుడ్లు పెట్టి, కప్పి, సముద్రంలోకి వెళ్లిపోతుంది. కొన్ని ఒడ్డు చేరకముందే చనిపోయి కొట్టుకొస్తాయి. రెండో తరగతి అమ్మాయి ఒకతె అలాంటి తాబేలును చూసి తండ్రిని అడిగిందట. ఆయన పిల్ల భయపడుతుందని "నిద్రపోతోందమ్మా" అన్నారు. సోమవారం ఉదయం ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "నిద్రపోతే ఈగలు ఎందుకు వాలతాయి టీచర్?" అని అడిగింది. నేను నిజమే చెప్పాను: తాబేలు చేపలాగా నీటిలో ఊపిరి తీసుకోలేదు, మనలాగే గాలి పీల్చుకోవాలి, పెద్ద వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. ఆ అమ్మాయి ఏడవలేదు. "మరి వల వేసేవాళ్లకు తెలియదా?" అంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుందని, అది తాబేళ్లు వచ్చే రోజులు గడిచాక మొదలవుతుందని చెప్పాను. ఆ మాట ఆమెకు నచ్చలేదు. నిజానికి నాకూ నచ్చదు. ఆ తండ్రిగారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు, ఆయన ప్రేమతోనే అన్నారు. కాని ఏడేళ్ల పిల్ల ఈగలను చూడగలదని మనం గుర్తుంచుకుంటే, జవాబు చెప్పడం మనకే తేలికవుతుంది.

యానాం మీదుగా కోరింగ మడ అడవులకు వెళ్లాలనుకునేవారు ఆటు సమయం చూసుకుని వెళ్లండి. నీరు తగ్గినప్పుడే మడచెట్ల శ్వాసవేళ్లు బురదలోంచి పెన్సిళ్లలా నిక్కి కనిపిస్తాయి. కడియపులంక పూల మార్కెట్టుకు తెల్లవారుజామునే వెళ్లాలి, ఎండెక్కాక చూడడానికి ఏమీ మిగలదు.

మన పాఠశాలలో తల్లో తండ్రో కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేస్తూ ఉంటే అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు తక్కువేమీ కాదు. ఆ తల్లులు కూడా ఈ లేఖను ఫోనులో చదువుతారని నాకు తెలుసు. అమ్మా, మీరు ఫోను చేసినప్పుడు "బాగా చదువుతున్నావా, అన్నం తిన్నావా" అన్న తరువాత మాట తెగిపోతోందని ఒకరిద్దరు నాతో బాధపడ్డారు. నాలుగో తరగతి పిల్లవాడొకడు రోజూ సాయంత్రం ఫోను పట్టుకుని పెరట్లో ఒకే మామిడికొమ్మ దగ్గరికి వెళ్లి, ఈ రోజు ఎన్ని పిందెలు రాలాయో, ఎన్ని నిలిచాయో వాళ్లమ్మకు చూపిస్తున్నాడు. పద్నాలుగుతో మొదలైన లెక్క ఇప్పుడు తొమ్మిదికి వచ్చింది. ఆమె పనిలో ఉండి ఫోను ఎత్తలేకపోతే ఆ రోజు లెక్కను మరునాటికి దాచిపెడుతున్నాడు. ఇటువంటిది ఏదో ఒకటి మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది, మీ అమ్మగారిని అడిగి చూడండి.

ఇక నీటి గురించి ఒక హెచ్చరిక, దీనిలో మాత్రం మినహాయింపు లేదు. దాళ్వా కోసం కాలువలు నిండుగా పారుతున్నాయి. గట్టు అంచున మట్టి పైకి గట్టిగా కనిపించినా లోపల తడిసి జారుతుంది. పదేళ్లలోపు పిల్లల చెయ్యి వదలకండి, ఈత వచ్చిన పిల్లలనైనా ఒంటరిగా రేవులోకి దింపకండి. పంటు మీద అంచులకు దూరంగా నిలబడండి, లైఫ్ జాకెట్ ఉంటే తప్పక తొడగండి. అంతర్వేదిలో నది సముద్రాన్ని కలిసే చోట నీరు లోపలికి లాగుతుంది, అక్కడ పాదాలు తడుపుకోవడంతో సరిపెట్టండి.

పాఠశాల వైపు నుంచి మేము చేయగలిగింది చేస్తున్నాము. ఈ శనివారం నుంచి ఒంటిపూట బడులు మొదలయ్యేవరకు, తొమ్మిదో తరగతి వరకు పిల్లలకు శని, ఆదివారాల్లో ఇంటిపని ఉండదు. ఆ సమయాన్ని ట్యూషనుతో నింపవద్దని మనవి. ఎక్కడికి వెళ్లారో వ్యాసం రాయించము, చార్టులు అడగము, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టమని కోరము. పెట్టినవారినీ పెట్టనివారినీ పోల్చుకునే పరిస్థితి మాకు ఇష్టం లేదు. పదో తరగతి పిల్లలకు మార్చిలో పరీక్షలు ఉన్నాయి కనుక వారికి ఈ వెసులుబాటు ఇవ్వలేకపోతున్నాము. అయినా సాయంత్రం ఆరు దాటేదాకా వెలుతురు ఉంటోంది. స్టడీ అవర్ అయ్యాక వారిని తీసుకెళ్లడానికి వచ్చే తండ్రులు బైకు మీద నేరుగా ఇంటికి తీసుకెళ్లకుండా, ఒక్క అరగంట కాలువ గట్టున నడిపించి తీసుకెళితే సంతోషిస్తాను. ఆ అరగంటలో మార్కుల మాట ఎత్తకండి.

ఒంటిపూట బడుల వేళలు ఉత్తర్వులు అందగానే పిల్లల డైరీల్లో రాసి పంపుతాము.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు