మార్కులు వేయండి, ఎందుకు వేశారో ముందే చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

గవర్నమెంట్ ఉద్యోగులకి పనితీరు లెక్కలంటే పడదని చాలామంది అనుకుంటారు. నేను కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో చేస్తున్నా, మా సెక్షన్లో మార్కులే వద్దు అనేవాళ్ళు ఎవరూ లేరండీ, ఆ మార్కు దేన్ని చూసి వేశారో తెలియట్లేదన్నదే అందరి బాధ.

ఏటా ఏపీఏఆర్ అని రిపోర్ట్ ఉంటుంది, ఏప్రిల్లో మన పని గురించి మనం రాసిస్తే రిపోర్టింగ్ ఆఫీసర్ పదికి మార్కులు వేస్తారు, పైన రివ్యూయింగ్ ఆఫీసర్ చూస్తారు. ఆరు నుంచి ఎనిమిది లోపు వస్తే వెరీ గుడ్. 2016 జులై నుంచి ఎంఏసీపీకి అదే బెంచ్‌మార్క్, అంటే ప్రమోషన్ రాకపోయినా 10, 20, 30 ఏళ్ళ సర్వీసుకి ఇచ్చే పై స్కేల్ కావాలంటే గుడ్ చాలదు. దీంతో ఏమైందంటే ఎవరి పొట్టా కొట్టడం ఇష్టంలేని ఆఫీసర్ అందరికీ ఏడు వేసేస్తారు, పక్క సీటు ఫైళ్ళు కూడా లాగేవాడికీ అదే, మధ్యాహ్నానికే సీట్లో కనిపించనివాడికీ అదే. ఆఫీసర్‌కి మనమంటే పడకపోతే అయిదున్నర, ఇక పై స్కేల్ ఆగినట్టే.

2008లో దేవ్ దత్ అనే ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఈమాత్రమైనా తెలుస్తోంది. ఆయనకి ఒక ఏడాది గుడ్ వేశారు, ప్రమోషన్‌కి వెరీ గుడ్ కావాలి, గుడ్ అనేది చెడ్డ రిమార్క్ కాదు కదా అని ఆ సంగతి ఆయనకి చెప్పనే లేదు. ఆ తీర్పు తర్వాత 2009 నుంచి రిపోర్ట్ మొత్తం చూపిస్తున్నారు, 15 రోజుల్లో అభ్యంతరం రాసుకోవచ్చు. కానీ చూపించేది ఏడాది అయిపోయాక కదండీ, అప్పుడు తెలిసి ఏం దిద్దుకుంటాం?

మా దగ్గర ఒకావిడ రిటైరైన వాళ్ళ సీటు కూడా మోసింది, ఆ పోస్ట్ ఎవరితోనూ నింపలేదు. పెన్ పిక్చర్‌లో, అంటే ఆఫీసర్ మన గురించి మాటల్లో రాసే చోట మాత్రం రిప్లైలు లేట్ అవుతున్నాయని రెండు లైన్లు రాసి మార్కు తగ్గించారు, ఏడాది పొడుగునా ఒక్కసారి కూడా పిలిచి ఆ మాట అనలేదు. ఇది చాలా అన్యాయం.

అక్టోబర్లో ఒకసారి కూర్చోబెట్టి ఎక్కడ వెనకబడ్డామో చెప్పాలి, ఆరు కంటే తక్కువ వేస్తే ఏ ఫైల్ చూసి వేశారో రాయాలి, ఖాళీ సీటు పని కూడా లెక్కలోకి తీసుకోవాలి. యూనియన్ నాయకులు డీఏ, పే కమిషన్‌తో పాటు ఇది కూడా ప్రభుత్వం, ఉద్యోగ సంఘాలు కూర్చుని మాట్లాడుకునే జేసీఎంలో పెట్టాలని కోరుతున్నా.

ఇట్లు,
ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, విశాఖపట్నం