ఏ గోడ చాటుకు వెళ్లాలి?

సంపాదకులకు,

కాల్పులు జరిగితే ఏం చేయాలో చెప్పే సూచనల్లో ‘గోడ చాటుకు వెళ్లండి’ అన్నది తప్పకుండా ఉంటుంది. ఏ గోడో చెప్పేవారు తక్కువ.

జిప్సం పార్టిషన్ అంటే అటూ ఇటూ అరంగుళం పలకలు, మధ్యలో ఖాళీ. పిస్తోలు తూటా అలాంటివి వరసగా మూడు దాటినా మనిషిని గాయపరిచే ఊపుతోనే ఉంటుంది. ఫ్లష్ డోరు, సోఫా, రేకు బీరువా సంగతీ అంతే. వాటి వెనక ఉంటే కనబడం, అంతవరకే.

ఇటుక నయం. నాలుగున్నర అంగుళాల గోడ 9 ఎంఎం పిస్తోలు తూటాను సాధారణంగా ఆపేస్తుంది. ఆ తూటా 8 గ్రాములు, వేగం సెకనుకు 360 మీటర్లు, శక్తి సుమారు 500 జౌళ్లు. 7.62×51 (7.62 ఎంఎం గొట్టం, 51 ఎంఎం తొడుగు) రైఫిల్ తూటా బరువు 9.5 గ్రాములే అయినా 840 మీటర్ల వేగంతో వస్తుంది కాబట్టి శక్తి 3,300 జౌళ్లు దాటుతుంది. మొదటి దెబ్బకే ఇటుక పగలొచ్చు, రెండోదీ మూడోదీ అక్కడే తగిలితే కంత పడుతుంది. ఒకే చోట ఐదారు తగిలేట్టుంటే, ఒక్క తూటాకు సరిపోయే మందాన్ని దాదాపు రెట్టింపు చేయాలన్నది సైనిక ఇంజినీర్ల లెక్క.

ఎక్కువగా మోసపోయేది హాలో బ్లాకు, అంటే లోపల గుల్లలుండే సిమెంటు బ్లాకు దగ్గర. చూడ్డానికి ఎనిమిదంగుళాల గోడ. తూటాకు అడ్డొచ్చేది మాత్రం ముందూ వెనకా అంగుళంపావు పెంకులే. గుల్లల్లో కాంక్రీటు నింపితే అసలైన గోడవుతుంది. అయితే స్లాబుకు కలిపినట్టు గట్టిగా కలిపితే, వరసల మధ్య లోపలికి పొడుచుకొచ్చిన సిమెంటు మాలుకు తట్టుకుని మధ్యలోనే ఆగిపోతుంది. కింద గుల్ల గుల్లగానే మిగులుతుంది, బయటికి తెలియదు. 10 ఎంఎం కంకరతో పల్చగా కలిపి, నాలుగేసి అడుగుల చొప్పున పోస్తూ చువ్వతో కుక్కాలి. అడుగు వరసలో శుభ్రం చేసే కంత వదిలితే, అక్కడిదాకా దిగిందో లేదో కంటికే కనిపిస్తుంది. ఆరాక సుత్తితో తట్టి చూసినా బోలు శబ్దం పట్టిస్తుంది.

ఏఏసీ బ్లాకును, అంటే లోపలంతా గాలి బుడగలుండే తేలిక సిమెంటు బ్లాకును, మందం చూసి నమ్మొద్దు. ఘనమీటరుకు 600 కిలోలకు అటూ ఇటూ తూగేది, 2,400 కిలోల కాంక్రీటు పని ఎలా చేస్తుంది?

పొడి ఇసుక అన్నిటికన్నా చవక, నమ్మకం కూడా. వింతేమిటంటే, 7.62 తూటా 25 మీటర్ల నుంచి కొడితే ఇసుకలో సుమారు ఐదంగుళాలు, 200 మీటర్ల నుంచైతే ఏడంగుళాలు దిగుతుంది. దగ్గర్లో తూటా ఇంకా ఊగుతూ ఉంటుంది, ఇసుక తగలగానే అడ్డం తిరుగుతుంది. దూరం వెళ్లేసరికి కుదురుకుని సూటిగా దిగుతుంది. తడిసిన ఇసుక అంత బాగా ఆపదు, కాబట్టి బస్తాలపై పట్టా కప్పాలి.

టఫెన్డ్ గ్లాసు తూటాను ఆపదు, ఒక్క దెబ్బకు మొత్తం రాలిపోతుంది. రైఫిల్‌ను ఆపే పొరల అద్దం 70 ఎంఎం ఉంటే చదరపు మీటరుకు 175 కిలోలు. పాత ఫ్రేమూ బందులూ దాన్ని మోయలేవు. ఫ్రేముకూ గోడకూ మధ్య సందును ఫోముతో నింపి వదిలేస్తే తూటా అటుగా వస్తుంది, అద్దానికి పోసిన డబ్బంతా వృథా.

ఇంకొకటి. ఆపే గోడకైనా వీపు ఆనించి కూర్చోవద్దు. తూటా ఇవతలికి రాకపోయినా కాంక్రీటు పెచ్చులు ఎగిరి గాయపరుస్తాయి. ఏటవాలుగా తగిలిన తూటా గోడ వెంబడే జారుతూ పోతుంది. వీలైతే రెండు మూడడుగులు ఎడంగా, నేలకు ఆనుకుని ఉండాలి.

– నిర్మాణ రంగ ఇంజినీర్లు