మంత్రి గారూ, ఆ గేటు తాళం తీయించండి

పురపాలక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నిరాశ్రయుల వసతి గృహం గురించి మీకు ఇది నాలుగో లేఖండి. మొదటి మూడూ ఆఫీసులో స్వయంగా ఇచ్చి వచ్చాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

మేము చర్చి స్త్రీల సమాజం వాళ్లం. వారానికి మూడు రాత్రులు రైల్వే స్టేషన్ ముందు, బస్టాండ్ గోడ పక్కన పడుకునేవాళ్లకు అన్నం తీసుకెళ్తాం. మా సంఘంలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. ఆదివారం చర్చికి తెస్తారు. ఆ బియ్యమే వండుతాం. కాబట్టి అన్నం కోసం మిమ్మల్ని అడగడం లేదు. మా చేతిలో లేనిది నిరాశ్రయుల వసతి గృహం తలుపు ఒక్కటే.

అక్టోబరులో ఒక రాత్రి కుండపోత వాన. బస్టాండ్ దగ్గర ఒక పెద్దావిడ తడిసి వణుకుతోంది. ఆమెది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018లో తిత్లీ తుఫానుకి కొబ్బరి చెట్లు పడిపోయాయి. ఆపైన భర్తకి కిడ్నీలు పాడయ్యాయి. ఉన్న జీడితోట అమ్మి, డయాలసిస్ కోసం ఇద్దరూ ఇక్కడికి వచ్చారు. ఆయన పోయాడు. తిరిగి వెళ్లడానికి ఆమెకి అక్కడ ఏమీ మిగల్లేదు. ఆటోలో వసతి గృహానికి తీసుకెళ్లాం. రాత్రి పదింబావు. గేటుకి తాళం. ఎంత పిలిచినా చాలాసేపటికి వాచ్‌మన్ వచ్చి, లోపలి నుంచే "ఆధార్ ఉందా?" అన్నాడు. ఆమె సంచీ ప్లాట్‌ఫారం మీదే పోయింది, కార్డు అందులోనే ఉంది. "అయినా ఆడవాళ్లకి ఇక్కడ లేదమ్మా" అని వెళ్లిపోయాడు. అతని మీద నాకు కోపం లేదు, పైవాళ్లు చెప్పిందే చేశాడు. నలభై నిమిషాలు వానలో నిలబడ్డాం. ఆమె నా చెయ్యి పట్టుకుని "పోనీలే అమ్మా, బస్టాండే నయం" అంది. ఆ మాట నేను మర్చిపోలేకపోతున్నాను.

ఇలాంటి వసతి గృహాల్ని ఏడాది పొడవునా, 24 గంటలూ తెరిచి ఉంచాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది కదండీ! హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లకి పని అయ్యేసరికే పదకొండవుతుంది. వాళ్లు ఏ వేళకి రావాలి? 2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి ఫుట్‌పాత్‌లు వెతికి మరీ ఇల్లు లేనివాళ్లని లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. లెక్క కోసం అర్ధరాత్రి వాళ్ల దగ్గరికి వెళ్లగలిగిన ప్రభుత్వం, పడుకోవడానికి వస్తే కార్డు అడుగుతుందా?

ఇప్పుడు ఆమెతో కలిపి ఏడుగురు ఆడవాళ్లు మా చర్చి హాల్లో పడుకుంటున్నారు. ఒక్కటే బాత్రూమ్. మతం మార్చడానికే ఇదంతా అని ఆఫీసులో ఒకరు నా ముఖం మీదే అన్నారు. చాలా బాధేసింది. ఆ పెద్దావిడ రోజూ సింహాద్రి అప్పన్నకి దండం పెట్టుకునే పడుకుంటుంది. మేము ఒక్కనాడూ వద్దనలేదు, అనం కూడా.

దయచేసి రాత్రిపూట ఆ తాళం తీయించండి. ఆడవాళ్లకి విడిగా గదులు ఇప్పించండి. కార్డు సంగతి తెల్లారాక చూసుకోవచ్చు, ముందు లోపలికి రానివ్వండి. ఇంతకంటే ఏమీ అడగం.

గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి స్టేషన్ ముందు ఉంటాం. మీ శాఖ నుంచి ఒక్కరిని మాతో పంపండి. గేటు దాకా కలిసే వెళ్దాం.

ఇట్లు,
స్త్రీల సమాజం తరఫున ఒక సభ్యురాలు