స్విచ్చు ఉండగా రిలే ఎందుకు?

రాయగడ

చిరంజీవి అమ్ములుకి నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి అప్పుడే చెప్పేవాణ్ణి గానీ, లారీ డ్రైవరు నెత్తిన నిలబడి తొందరపెడుతున్నాడు. "స్విచ్చూ ఆన్ ఆఫే, రిలే కూడా ఆన్ ఆఫే, మరి రెండెందుకు నాన్నా" అన్నావు. కాగితం మీద గీస్తే నీకు అలాగే అనిపిస్తుంది మరి.

స్విచ్చుని నీ వేలు కదుపుతుంది. రిలేలో ఆ పని కాయిల్, అంటే చుట్టచుట్టిన తీగ, చేస్తుంది. కాయిల్లోకి కరెంటు వెళ్లగానే మధ్యలో ఉన్న ఇనుము అయస్కాంతమై చిన్న రేకుని లాగుతుంది, పాయింట్లు, అంటే కరెంటు దారిని కలిపే రెండు మొనలు, కలుస్తాయి. టక్కుమని వినబడేది అదే. అంటే రిలే లోపల ఉన్నదీ స్విచ్చే. కాకపోతే రేకుని కదిపే కరెంటు వేరు, పాయింట్ల గుండా పారే కరెంటు వేరు. లోపల ఆ రెండు దారులూ ఎక్కడా కలవవు.

దీని విలువ హెడ్‌లైట్ల దగ్గర తెలుస్తుంది. కారులో 60 వాట్ల బల్బులు రెండు వెలిగితే 120 వాట్లు. 12 వోల్టుల మీద అది 10 ఆంపియర్లు. రిలే లేకపోతే ఆ పదీ బ్యాటరీ దగ్గర బయల్దేరి, డ్యాష్‌బోర్డు స్విచ్చు దాకా వచ్చి, మళ్లీ ముందుకి లైటు దాకా పోవాలి. దారి పొడుగునా వోల్టేజీ కొంచెం కొంచెం కారిపోతుంది. ఫిలమెంటు బల్బుకి 12లో ఒక్క వోల్టు తగ్గితే వెలుగులో ఇంచుమించు పావు వంతు పోతుంది. కోరాపుట్ ఘాట్ మీంచి వచ్చినవాళ్లు ఒడియాలో "లైట్ కమ్ జళుచి" (లైటు తక్కువగా వెలుగుతోంది) అంటే చాలామంది ముందు బల్బు మార్చేస్తారు. నేను స్విచ్చు వెనక వేలు పెట్టి వేడి చూస్తాను. రిలే ఉంటే స్విచ్చులోంచి పోయేది కాయిల్‌కి కావలసిన 0.15 ఆంపియరో ఏదో, అంతే. అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావు తీగలో దగ్గర దారిన పోతుంది. ఇంజన్ని స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారైతే వంద ఆంపియర్లు దాటి లాగుతుంది, తాళంచెవి స్విచ్చు దాని ముందు ఎంత! రిలే ఖర్చు దండగని నేరుగా కలిపేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో తేడా ఉంది. నన్నడిగితే ఇదే పెద్దది. స్విచ్చు వేసినచోటే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఫ్యాను స్విచ్చు కట్టేయకపోతే, అర్ధరాత్రి కరెంటు రాగానే ఫ్యాను దానంతటదే తిరుగుతుంది. రిలే అలా ఉండదు. కాయిల్లో కరెంటు పోతే స్ప్రింగు రేకుని వెనక్కి లాగేస్తుంది. మన వీధి పిండిమరలో స్టార్టరు చూశావుగా, అందులో ఉండేది కాంటాక్టరు, రిలేకి అన్న వరస. పచ్చ బటన్ నొక్కి వదిలేసినా మోటారు ఎందుకు తిరుగుతుందంటావు? కాంటాక్టరు తన పాయింటు మీదుగానే తన కాయిల్‌కి కరెంటు ఇచ్చుకుంటుంది. కరెంటు పోతే పట్టు వదిలేస్తుంది, తిరిగొచ్చినా మళ్లీ బటన్ నొక్కేదాకా మోటారు కదలదు. కరెంటు లేదు కదా అని బెల్టు సర్దుతున్నవాడి వేళ్లు దక్కేది అందుకే. కరెంటు రాగానే మోటారుని దానంతటదే తిప్పేసే, పొలాల్లో పెట్టుకునే ఆటో స్టార్టరంటే నాకు కాస్త భయం కూడా ఇందుకే.

రైల్వేవాళ్లయితే ఈ గుణం మీదే సిగ్నళ్లు నడిపారు. పట్టాల్లోంచి కొద్దిపాటి కరెంటు పంపి రిలేని లేపి ఉంచుతారు. బండి చక్రాలు రెండు పట్టాలనీ కలిపేయగానే ఆ కరెంటు రిలేకి అందదు, రేకు పడిపోతుంది, సిగ్నలు ఎర్రబడుతుంది. తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా ఎరుపే. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ అనే ఆయన చేసిన ఏర్పాటు ఇది. ఇప్పుడు చాలాచోట్ల ఇరుసులు లెక్కపెట్టే యంత్రాలు వచ్చాయి. ఆ సిగ్నలు రిలేల్లో పాయింటు ఒకవైపు లోహం, ఒకవైపు కార్బన్ పెట్టే రకాలున్నాయి, మాడినా అతుక్కోకుండా. మన బండి రిలేలకి ఆ భాగ్యం లేదు. పాయింట్లు అతుక్కుని హారన్ ఆగకుండా మోగే లారీ వస్తే వీధంతా నన్నే తిడుతుంది. టక్కుమంది కాబట్టి రిలే బాగుందని కూడా అనుకోకు. కాయిల్ బాగుండి పాయింట్లు మాడిపోయినా టక్కుమంటుంది.

మీ అమ్మ ఇది చూసి "పిల్లకి అదేటి ఉత్తరం, తింటందో లేదో అడగవేటి" అంటోంది. తింటున్నావా?

బాబాయి విజయనగరం వస్తున్నాడు, పాత ఐదు కాళ్ల రిలే ఒకటి పంపుతున్నాను. కాళ్ల దగ్గర నంబర్లుంటాయి. 85, 86 కాయిల్ కాళ్లు. 30 ఊరికే ఉన్నప్పుడు 87ఏతో కలిసి ఉంటుంది, కాయిల్ లాగితే 87కి మారుతుంది. మీటరు పెట్టి చూసుకో, తర్వాత మూత తీసి 12 వోల్టులిచ్చి రేకు కదలడం చూడు. కరెంటు తీసేటప్పుడు మాత్రం కాయిల్ కాళ్లు రెండూ ఒట్టి వేళ్లతో పట్టుకోకు, చురుక్కుమనిపిస్తుంది. 12 వోల్టులకి అదెలాగో మీ సారుని అడుగు. కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడు మాట ఆయన ఎత్తకపోతే నాకు ఫోన్ చెయ్యి.

మీ నాన్న