మిషన్ ట్రిప్ అంటే వారం పని కాదు

సంపాదకులకు,

సెలవులు దగ్గరపడగానే క్రైస్తవ సంఘాల్లో యూత్ మిషన్ ట్రిప్ మాట, అంటే యవనస్థులు మరో ఊరి సంఘానికి వెళ్లి కొన్నాళ్లు సేవ చేసి వచ్చే ప్రయాణం మాట మొదలవుతుంది. దాని వెంటే పాత వాదన కూడా. వారం రోజులు వెళ్లొస్తే ఒరిగేదేముంది, ఆ ఖర్చేదో అక్కడికే పంపొచ్చు కదా అని కొందరంటారు. మన పిల్లలు మారి వస్తున్నారు, అది చాలదా అని మరికొందరు. యూత్ పరిచర్యలో చాలాకాలంగా ఉన్నవాళ్లంగా మా మాట ఇది: పిలిచిన సంఘంతో ఏళ్ల తరబడి సాగే సంబంధంలో ఆ వారం ఒక భాగమైతే ట్రిప్‌కు ఎంతో విలువ ఉంది. లేకపోతే అది విహారయాత్రే.

ముందు డబ్బు సంగతి. 1998లో మిచ్ హరికేన్ హోండురాస్‌ను ధ్వంసం చేశాక ఉత్తర అమెరికా నుంచి ఎన్నో బృందాలు ఇళ్లు కట్టడానికి వెళ్లాయి. కర్ట్ వెర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త దాన్ని అధ్యయనం చేశారు. ప్రయాణ ఖర్చులు కలిపితే ఆ బృందాలు కట్టిన ఒక్కో ఇంటికి సుమారు 30,000 డాలర్లు అయింది. స్థానిక క్రైస్తవ సంస్థ సుమారు 2,000 డాలర్లకే ఇల్లు కట్టింది. ఎవరు కట్టారన్న దాన్నిబట్టి ఆ కుటుంబాల జీవితాల్లో తేడా ఏమీ కనిపించలేదు. వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది కానుకలు కూడా పెద్దగా పెరగలేదు. ఈ లెక్కను సంఘం ముందు దాచకూడదు. గోడ లేవడమే ముఖ్యమైతే డబ్బు పంపడమే మేలు. పిల్లల ప్రయాణ ఖర్చును యవనస్థుల శిక్షణ ఖర్చుగా చెప్పి కానుకలు అడగాలి. పేదల పేరు చెప్పి పోగుచేసిన డబ్బు టికెట్లకు పోవడం నిజాయితీ కాదు.

మొదటి తప్పు సాధారణంగా అడిగే ప్రశ్నలోనే జరుగుతుంది. "మేమొచ్చి వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు తరగతులు) చేయమంటారా?" అని అడిగితే ఏ పాస్టర్ గారూ వద్దనరు. సాయం చేస్తామన్నవాళ్లను కాదనడం ఎవరికైనా కష్టమే. "ఈ ఏడాది మీ సంఘం ఏం చేయాలనుకుంటోంది? అందులో మా అవసరం ఉందా?" అని అడగాలి, ఈ ఏడాది రావద్దనే వీలు కూడా వాళ్లకివ్వాలి. కనీసం ఆరు నెలల ముందే అడగాలి. బృందం పది, పన్నెండు మందికి మించకూడదు. చిన్న సంఘానికి ముప్పైమంది వెళితే అక్కడి స్త్రీలు తెల్లవారుజామునే వంటకు దిగుతారు, ఇక వాక్యం వినే తీరికే ఉండదు. భోజనం, నీళ్లు, కరెంటు, వంటవారి కూలి ముందే లెక్కగట్టి ఇచ్చేయాలి. అనుకోని అవసరాలకు బడ్జెట్‌లో పదోవంతు పక్కన పెట్టుకోవాలి.

కట్టుబడి పనుల్లో పాడయ్యేది ఎక్కడో తాపీ మేస్త్రీలకు బాగా తెలుసు. ఉత్సాహం కొద్దీ పిల్లలు సిమెంటు మాల్ ఒకేసారి గుట్టగా కలుపుతారు. అది గట్టిపడుతుంటే మళ్లీ నీళ్లు పోస్తారు, దాంతో బలం పోతుంది. అరగంటలో వాడేయగలిగినంతే కలపాలి. ఒక్కరోజులో మీటరుకు మించి గోడ లేపితే కింది వరుసలు బరువుకు కుంగి గోడ నిలువు తప్పుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు క్యూరింగ్. కొత్త కట్టుబడిని కనీసం ఏడు రోజులు తడుపుతూ ఉండాలి, బృందమేమో ఐదో రోజే బస్సెక్కేస్తుంది. అందుకే పని స్థానిక మేస్త్రీదై ఉండాలి, ఆయనకు పూర్తి కూలి అందాలి. పిల్లలు ఇటుకలు అందించి, ఇసుక జల్లించి, ఆయన చెప్పినట్టు చేస్తే చాలు. నీళ్లు పట్టే మనిషి కూలి కూడా ముందే ఇచ్చి రావాలి.

వీబీఎస్‌లో నష్టం ఇంత తేలిగ్గా కనబడదు. వచ్చినవాళ్లు గిటార్లు, బొమ్మలాటలు, బహుమతులతో ఐదు రోజులు హోరెత్తించి వెళ్లిపోతే, మరుసటి ఆదివారం అక్కడి సండే స్కూల్ టీచర్ క్లాసు పిల్లలకు వెలవెలబోయినట్టు అనిపిస్తుంది. కథ చెప్పాల్సింది ఆ టీచరే. మన యవనస్థులు ఎనిమిది, పదిమంది పిల్లలకొకరు చొప్పున పక్కన కూర్చుని పాట నేర్పడంలో, బొమ్మలు గీయించడంలో సాయపడాలి. వాడే సామాన్లన్నీ అక్కడ దొరికేవే అయి, అక్కడే మిగలాలి. యేసును నమ్ముతామని చేతులెత్తినవాళ్లను లెక్కపెట్టి రిపోర్టులో రాయడం మానాలి. ఏటా వచ్చే ప్రతి బృందం ముందూ అవే చేతులు లేస్తాయి.

వైద్య శిబిరం గురించి ఒక్క మాట. బీపీ మాత్రలు నెలకు సరిపడా ఇచ్చి వచ్చేస్తే రెండో నెల రోగి గతేమిటి? దగ్గరలోని ఆసుపత్రితో ముందే మాట్లాడుకోకుండా శిబిరం పెట్టకూడదు.

అనాథాశ్రమాల సందర్శన మాత్రం పూర్తిగా వదిలేయాలని మా గట్టి అభిప్రాయం. వారం పాటు ఎత్తుకుని ముద్దుచేసి మాయమయ్యేవాళ్లు వరసగా వస్తూపోతుంటే ఆ పిల్లల మనసుకు దెబ్బ తగులుతుంది. అలాంటి సంస్థల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. సందర్శకుల డబ్బు కోసమే పిల్లల్ని ఇళ్లనుంచి తెచ్చిపెట్టే చోట్లూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 2018లో ఆధునిక బానిసత్వ చట్టం చేసిన సమయంలోనే ఈ అక్రమ రవాణా చర్చకొచ్చింది. 2019లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ బాలల హక్కుల తీర్మానంలోనూ అనాథాశ్రమాల్లో స్వచ్ఛంద సేవ వల్ల కలిగే హానిని ప్రస్తావించింది. ఆ పిల్లలపై నిజంగా ప్రేమ ఉంటే, వాళ్లు సొంత కుటుంబాల్లో పెరిగేందుకు తోడ్పడే పనికి కానుక ఇవ్వాలి.

ఇక తిరిగొచ్చాక చేయాల్సింది. లూకా సువార్త 10వ అధ్యాయంలో యేసు డెబ్బైమందిని ఇద్దరిద్దరుగా, చేతిలో సంచి కూడా లేకుండా పంపాడు. పెట్టింది తినమన్నాడు. అంటే వెళ్లినవాళ్లే అక్కడివాళ్ల మీద ఆధారపడాలి. తొలినాటి సువార్తికులు పౌలు బర్నబాలు తమను పంపిన అంతియొకయకు తిరిగొచ్చి సంఘానికి అంతా వివరించారు, కొంతకాలానికి పాత ఊళ్లలోని సహోదరుల్ని మళ్లీ చూసొద్దామని పౌలే అన్నాడు. మన యూత్ మాత్రం ఒక ఆదివారం సాక్ష్యం చెప్పి, ఫొటోలు పెట్టి ముగించేస్తుంది. ఆఖరి రోజు అక్కడే కూర్చుని రెండు గంటలు మాట్లాడుకోవాలి. తిరిగొచ్చిన వారానికి ఒకసారి, మూడు నెలలకు మరోసారి మళ్లీ కూడాలి. ఎవరు ఏ పని భుజానికెత్తుకుంటారో అప్పుడే తేలుతుంది. నెల తర్వాత ఆ సంఘ పెద్దల్ని "మావల్ల ఇబ్బందేమిటి?" అని అడగాలి. బృంద నాయకుడు అడిగితే మొహమాటపడతారు కాబట్టి మరొకరు అడగడం మంచిది.

ఈ సెలవులకు ఇంత సిద్ధపాటు కుదరని యూత్ నాయకులకు మా సలహా: ఇద్దరు పెద్దల్నీ ఇద్దరు యవనస్థుల్నీ మాత్రమే రెండు రోజులు పంపండి. వాళ్లు ఏ కార్యక్రమమూ పెట్టకుండా అక్కడివాళ్లు చెప్పింది విని రాసుకుని రావాలి. ఆ కాగితం చేతికొచ్చాకే వచ్చే ఏడాది బృందం పేర్లు అడగండి.

ఇట్లు,
యూత్ పరిచర్యలో పనిచేస్తున్న కొందరు