వార్డు లెక్కలు జనానికీ చూపించాలి

ఎడిటర్ గారికి నమస్కారం. మా వార్డుకు మంచినీళ్లు ఎందుకు చాలడం లేదని అడిగితే ఇప్పటికీ 2011 జనాభా లెక్కలే చూపిస్తున్నారు. అప్పుడు మా వీధి నిండా రేకుల ఇళ్లు, ఇప్పుడు అక్కడే మూడంతస్తుల మేడలు, గదికి నలుగురేసి అద్దెకుంటున్నారు, పొద్దున ఐదింటికి కుళాయి దగ్గర బిందెల వరస చూస్తే తెలిసిపోతుంది. 2021లో జరగాల్సిన లెక్కింపు కరోనాతో ఆగి 2027కి వెళ్లింది. దానికి ముందు జరిగే ఇళ్ల గణనలో పైకప్పు, గదులు, తాగునీరు, మరుగుదొడ్డి, సొంతిల్లా అద్దెదా అన్నీ అడుగుతారు. ఓనరు ఏమంటారోనని టెన్షన్ పడకుండా అద్దెకున్నవాళ్లు కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి, 1948 జనగణన చట్టం ప్రకారం ఎవరి వివరాలూ బయటికి పోవు. వార్డువారీ పట్టికలు మాత్రం ఏళ్లు గడవకుండా, తెలుగులో, వార్డు ఆఫీసు గోడ మీద అంటించండి.

– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా